సంతకం పెట్టేముందు వార్డుకి వెళ్లిరా తల్లీ

చిరంజీవి ప్రసన్నకి,
పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ట్రస్టువాళ్ల ఏడు ఆసుపత్రులకీ కొనుగోళ్లు మన ప్రసన్నకే అప్పజెప్పారు. డాక్టర్లతో కమిటీ వేసి, వాళ్లు చూసి ఒప్పుకున్న సరుకే కొంటుందట" అన్నాడు. వాడి గొంతు సంతోషంతో వణికింది. మీ పెద్దమ్మ వెంటనే దేవుడి దగ్గర దీపం పెట్టింది. నాకు మాత్రం తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. గర్వంగా ఉంది, దిగులుగానూ ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో కొనుగోలు కాగితాల మీద చాలా సంతకాలు పెట్టాను. అందులో ఒకటి ఇప్పటికీ నన్ను వదల్లేదు. దాని గురించి చెబుదామనే ఈ ఉత్తరం.

ముందు నీకు తెలిసినవే గబగబా చెప్పేస్తాను. మందులకి 2022 జాతీయ అత్యావశ్యక ఔషధాల జాబితా దగ్గర పెట్టుకో. అందులో 384 ఉన్నాయి, మీ ఆసుపత్రులకి ఏవి కావాలో అక్కడినుంచి ఏరుకో. కంపెనీ పెట్టిన పేరుతో కాదు, మందు అసలు పేరుతో, అంటే జెనరిక్ పేర్లతోనే అడుగు. సరుకు ఎలాంటిదో చెప్పే టెక్నికల్ బిడ్ మీద డాక్టర్లు రాసిచ్చాకే రేటు చెప్పే ప్రైస్ బిడ్ తెరువు, రేటు తెలిశాక చూసే చూపు మారిపోతుంది. పరీక్షలు చేసే మిషన్ కొంటే అందులో పోసే రసాయనాల, అదే రీజెంట్ల ఖర్చెంత, రిపేరుకి వచ్చే మనిషి ఏ ఊళ్లో ఉంటాడు అని ముందే తేల్చుకో.

ఇక నా భయం. కమిటీలో డాక్టర్లు ఉన్నారు కాబట్టి అంతా సరిగ్గానే జరుగుతుందని నువ్వు అనుకుంటావేమో. ఒకప్పుడు అలాంటి కమిటీలోనే డాక్టర్‌గా కూర్చున్నవాణ్ణి నేను. తప్పు జరిగింది నా చేతిమీదుగానే.

అప్పుడు నేను ఒక పెద్దాసుపత్రిలో సర్జన్‌ని. శాంపిళ్లు చూసే కమిటీలో నా పేరు వేశారు. ఒక పొడుగాటి టేబుల్ నిండా గ్లౌజులు, సిరంజిలు, కుట్లు వేసే దారాలు పరిచారు. దారాలు నాకు బాగా తెలుసు. ఒక్కోటి సెలైన్‌లో తడిపి, ముడివేసి, లాగి చూశాను. ముడి జారుతోందని రెండింటిని తిప్పి పంపేశాను కూడా. ఆ తరవాత 24 నంబర్ క్యాన్యులా, అదే సెలైన్ ఎక్కించడానికి సూదితో నరంలోకి దింపే సన్నటి ప్లాస్టిక్ గొట్టం, నా ముందుకొచ్చింది. పసుపు రంగుది, పసిపిల్లలకి వేస్తారు. కవర్ చింపాను. సూది నిగనిగలాడుతోంది, స్టెరైల్ అని ముద్ర ఉంది, ఎక్స్‌పైరీ తేదీ ఉంది. బయట ఓపీ లైను గేటు దాకా ఉంది. సంతకం పెట్టేశాను. అప్పటికి నేను పసిబిడ్డ నరంలో సూది గుచ్చి పన్నెండేళ్లు దాటింది. ఆ సంగతి ఆ క్షణాన నాకు తోచనే లేదు తల్లీ.

సరుకు వచ్చింది, వానలు మొదలయ్యాయి. వాంతులు, విరేచనాలు, డెంగీ జ్వరాలు. పిల్లల వార్డులో మంచానికి ఇద్దరు. ఒక మధ్యాహ్నం ఆ వార్డు సీనియర్ సిస్టర్ నా గదికొచ్చి "సార్, ఒక్కసారి రండి" అంది. వెళ్లాను. ఎనిమిది నెలల పాప, కళ్లు గుంటలు పడిపోయాయి, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలబడుతోంది. సిస్టర్ ట్రే నా ముందు పెట్టి "మీరే వేయండి సార్" అంది. వేశాను. చర్మం దాటుతుండగానే సూది మీది ప్లాస్టిక్ గొట్టం అంచు, గాలికి గొడుగు తిరగబడినట్టు, వెనక్కి ముడుచుకుపోయింది. రక్తం చుక్క కనబడింది గానీ గొట్టం నరంలోకి జారలేదు. రెండో చేతికి వేశాను, అదీ అంతే. పాపకి ఏడ్చే ఓపిక కూడా లేదు, సన్నగా మూలుగుతోంది. తల్లి గోడవైపు తిరిగి నిలబడింది. అప్పుడు సిస్టర్ ఇంకో క్యాన్యులా విప్పి, పాదం మీద నరం చూసుకుని వేసింది. ఒక్కసారికే ఎక్కింది.

"ఇది బయట మెడికల్ షాపుది సార్. ఇరవై రోజులుగా అందరికీ చీటీ రాసిచ్చి తెప్పిస్తున్నాం. మనవి స్టోర్లో పెట్టెలకి పెట్టెలు ఉన్నాయి" అంది. ఆ పాప తండ్రి పక్క మంచం ఆయన దగ్గర చేబదులు తీసుకుని కొనుక్కొచ్చాడట. సిస్టర్ నన్ను పల్లెత్తు మాట అనలేదు. చేతులు కడుక్కుంటూ "శాంపిల్ వచ్చినప్పుడు మమ్మల్ని ఒక్కమాట అడగాల్సింది సార్" అని మాత్రం అంది. పాప నాలుగో రోజు తేరుకుని ఇంటికెళ్లింది. ఆ మాట మాత్రం నాతోనే ఉండిపోయింది.

ఆ సరుకు వెనక్కి పంపడానికి నెలలు పట్టింది. "మీరు సంతకం పెట్టిందే కదా డాక్టర్‌గారూ" అన్నారు ఆఫీసువాళ్లు. ఫిర్యాదు చూపించమన్నారు. ఒక్క కాగితం లేదు. ఇరవై రోజులు అందరూ సణుక్కున్నారు, ఎవరూ రాయలేదు. రాస్తే చదివే మనిషి ఉన్నాడని వాళ్లకి నమ్మకం లేదు.

అందుకే చెబుతున్నాను, హెడ్‌లని పిలిచి కమిటీ అనకు. ఆ వస్తువు రోజూ ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లని పిలువు. వెన్నులో ఇచ్చే సూదికి మత్తు డాక్టర్, కంటి లెన్సుకి కంటి సర్జన్, క్యాన్యులాకి పిల్లల డాక్టర్, ఆయనతో పాటు ఆ వార్డు సిస్టర్. గ్లౌజులు కాన్పుల గదిలో పనిచేసే ఆడపిల్లలు వేసుకుని చూడాలి, వాళ్లకి ఆరున్నర సైజు కావాలి, నా ఏడున్నర చేతికి సరిపోతే చాలదు. కంపెనీ పేరు కనబడకుండా నంబర్లు వేసి, వారం రోజులు వార్డులో వాడనివ్వు. ఒప్పుకున్న శాంపిల్‌ని వాళ్ల సంతకంతో సీలు వేసి దాచు, వచ్చిన సరుకుని దాని పక్కన పెట్టి చూడాలి. ప్రతి వార్డులో ఒక ఫిర్యాదు పుస్తకం పెట్టి, వారానికోసారి నువ్వే వెళ్లి చదువు, చదివినట్టు కింద రాయి. డాక్టర్లని పదకొండింటికి మీటింగుకి పిలవకు. ఓపీ వదిలి ఎవరూ మనసుపెట్టి చూడరు, నేను చూశానా?

మద్రాసువాళ్ల పద్ధతి నాకు నచ్చింది. తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకి కార్పొరేషన్ పెట్టింది. ఆసుపత్రికో పాస్‌బుక్, అందులో ఇంత డబ్బు అని ఉంటుంది, జాబితాలోంచి ఏది ఎంత కావాలో ఆసుపత్రే తీసుకుంటుంది. ల్యాబులో పాసయ్యేదాకా ఏ బ్యాచీ వార్డుకి చేరదు. ఇది మీ ట్రస్టుకీ పనికొస్తుంది.

ఇంకో దిగులు చెప్పనా? నీకు ఎవరినీ కాదనడం రాదు. ఒక పెద్ద డాక్టర్ వచ్చి ఫలానా కొలతలే ఉండాలని రాసిస్తాడు, ఆ కొలతలు ఒకే కంపెనీ కేటలాగులో ఉంటాయి. "ఈ కొలత లేకపోతే పేషెంటుకి ఏమవుతుంది సార్?" అని మర్యాదగా అడుగు. జవాబు ఉంటే రాసుకో, లేకపోతే తీసెయ్. కంపెనీల నుంచి బహుమతులు, ప్రయాణాలు తీసుకోకూడదని మెడికల్ కౌన్సిల్ 2009లోనే డాక్టర్లకి నిబంధన పెట్టింది. అయినా కమిటీలోని ప్రతి ఒక్కరి దగ్గరా, ఏ కంపెనీతోనూ లావాదేవీ లేదని రాయించుకో. గుండె రక్తనాళాల్లో పెట్టే స్టెంట్ల సంగతి గుర్తుందిగా, 2017 ఫిబ్రవరిలో మందు పూసిన స్టెంటుకి 29,600 రూపాయలు దాటకూడదని ప్రభుత్వం కట్టడి చేసేదాకా లక్ష దాటి వసూలు చేశారు. దీపావళికి నీ ఇంటికి వచ్చే స్వీటు డబ్బా కూడా తిప్పి పంపెయ్. ఈ విషయంలో మొహమాటపడితే నేను ఊరుకోను.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మా ఇంటికొస్తే, పెద్దమ్మతో బజారుకెళ్లి ప్రతి వంకాయనీ తిప్పి తిప్పి పుచ్చు వెతికేదానివి. కూరగాయలావిడ కసిరినా వదిలేదానివి కాదు. ఆ పిల్లవే నువ్వు. కోప్పడ్డానని బాధపడకు. వేళకి అన్నం తిను, టెన్షన్‌లో ఉంటే తిండి మానేస్తావని మీ నాన్న చెప్పాడు.

శాంపిళ్లు ఎప్పుడొస్తాయో ముందే చెప్పు. ఆ సిస్టర్ రిటైరై ఇప్పుడు మా ఊళ్లోనే ఉంటోంది. పొద్దున్నే ఫోన్ చేసి అడిగితే, క్యాన్యులాలు చూసే రోజు తనూ వస్తానంది. ఇద్దరం రాత్రి బస్సు ఎక్కుతాం. దిగగానే ఆవిడకి కాఫీ పడాలి, బస్టాండు దగ్గర మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని ఉంచు.

ఆశీస్సులతో,
పెదనాన్న