లెక్కల భయంతో కోర్సు ఎంచుకోవద్దు

ప్రశ్న: నన్ను డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకోమని నాన్న పట్టుబడుతున్నారు. దానికే అవకాశాలు ఎక్కువంటారు. నాకేమో బయోకెమిస్ట్రీ చదవాలనుంది. శరీరంలో జరిగే రసాయన చర్యల గురించి చదవడం ఇష్టం. పైగా ఫిజికల్ కెమిస్ట్రీ లెక్కలంటే భయం. ఈ విషయంలో గొడవపడి నాన్నా నేనూ సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. దరఖాస్తు గడువు దగ్గరపడుతుంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇష్టంతో ఒక కోర్సు ఎంచుకోవడం మంచిదే. కానీ లెక్కలు తప్పించుకోవచ్చనే ఆశతో మాత్రం బయోకెమిస్ట్రీలో చేరకండి. అవి అక్కడా ఉంటాయి. ఎంజైమ్ వేగాన్ని చెప్పే మైకేలిస్-మెంటెన్ సమీకరణం, బఫర్ ద్రావణాల పీహెచ్, చర్యల్లో శక్తి మార్పులు... వీటన్నిటికీ పునాది ఫిజికల్ కెమిస్ట్రీయే. ఆర్గానిక్ కెమిస్ట్రీ మీద పట్టు లేకపోతే కణాలు గ్లూకోజ్‌ను విడగొట్టే గ్లైకాలిసిస్‌లోని పది దశలనూ బట్టీ పట్టాల్సి వస్తుంది. కెమిస్ట్రీ డిగ్రీలో లెక్కలు ఇంకా లోతుగా, క్వాంటం మెకానిక్స్ దాకా వెళ్తాయన్నది నిజం. ఇనార్గానిక్ కెమిస్ట్రీ కూడా ఎక్కువే. బయోకెమిస్ట్రీలో ఆ సమయం కణ జీవశాస్త్రానికీ జన్యుశాస్త్రానికీ పోతుంది.

ఈ రెండు దారులూ ఎంత దగ్గరివో ఇన్సులిన్ కథ చూస్తే తెలుస్తుంది. అందులోని 51 అమైనో ఆమ్లాలు ఏ వరసలో ఉన్నాయో కనిపెట్టిన ఫ్రెడరిక్ సాంగర్ చదివింది బయోకెమిస్ట్రీ. ఆ పనికి 1958లో నోబెల్ వచ్చింది, అదీ కెమిస్ట్రీలోనే. అదే ఇన్సులిన్ త్రిమితీయ నిర్మాణాన్ని 1969లో తేల్చిన డొరొతీ హాడ్జ్‌కిన్ చదివింది కెమిస్ట్రీ. కాబట్టి ఈ ఎంపికతో జీవితమంతా తేలిపోతుందని భయపడకండి.

మీ నాన్నగారి మాటలోనూ నిజముంది. కెమిస్ట్రీ చదివినవాళ్లు మందులు, రంగులు, పాలిమర్లు, బ్యాటరీలు, నాణ్యతా పరీక్షలు ఇలా చాలా వైపులకు వెళ్లగలరు. కెమిస్ట్రీ డిగ్రీ తర్వాత పీజీలో బయోకెమిస్ట్రీ వైపు రావడం కూడా సాధారణంగా అంత కష్టం కాదు. బయోకెమిస్ట్రీ నుంచి కెమిస్ట్రీ వైపు రావాలంటే ఇనార్గానిక్, ఫిజికల్ కెమిస్ట్రీల్లో వెలితి అడ్డొస్తుంది.

ముందు రెండు కోర్సుల సిలబస్‌లూ తెప్పించుకోండి. మొదటి ఏడాది రెండూ దాదాపు ఒకేలా కనిపించవచ్చు, అందుకే చివరి రెండేళ్ల పాఠాలు, ల్యాబ్ పనులు చూడండి. ప్రొటీన్లను శుద్ధి చేయడం, ఎంజైమ్ పరీక్షలు, డీఎన్ఏతో పని మిమ్మల్ని లాగుతుంటే బయోకెమిస్ట్రీలోనే చేరండి, లెక్కలకు ఇప్పటినుంచే సాధన మొదలుపెట్టి. అప్పటికీ ఎటూ తేలకపోతే బయోకెమిస్ట్రీ ఐచ్ఛికాలున్న కెమిస్ట్రీ కోర్సు మీకు మేలని నా అభిప్రాయం.

ఆ సిలబస్‌లు పట్టుకుని నాన్నగారి పక్కన కూర్చోండి. ఏ పేపర్లు ఎందుకు నచ్చాయో చూపించండి. అవకాశాల గురించి ఆయన భయమేమిటో అడిగి, అడ్డు తగలకుండా పూర్తిగా వినండి. లెక్కల భయం సంగతి కూడా దాచకుండా చెప్పండి. బహుశా ఆయనకు ఆ విషయం తెలియకపోవచ్చు. గడువు చివరి రోజు దాకా ఆగకుండా ఈ వారంలోనే మాట్లాడండి.