‘రాళ్ల చదువు’ చదివిస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా బిడ్డ హనుమకొండలో బీఎస్సీ ఎంపీసీ రెండో ఏడు చదువుతోంది. జియోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేస్తానంటోంది. మా బావమరిదేమో రాళ్ల చదువు ఎందుకు, బీఈడీ చేయించు అంటున్నాడు. పైగా ఫిజికల్ కెమిస్ట్రీలో బ్యాక్‌లాగ్ ఉంది. అందులోని థర్మోడైనమిక్స్ (వేడి, శక్తి లెక్కల పాఠం) అంటేనే టెన్షన్ పడుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: బీఈడీ ఎటూ పోదు, ఎమ్మెస్సీ అయ్యాక కూడా చేయొచ్చు. నన్నడిగితే మీరు చూడాల్సింది ఆ బ్యాక్‌లాగ్ సంగతి. జియోకెమిస్ట్రీ అంటే రాళ్ల పేర్లు బట్టీ పట్టడం కాదు. ఏ ఖనిజం ఎంత వేడికి, ఎంత ఒత్తిడికి నిలుస్తుంది, నీళ్లలో ఏది కరుగుతుంది, ఏది అడుగుకు దిగుతుంది అనే లెక్క. మీ బిడ్డ భయపడుతున్న పాఠమే ఆ ఇంటికి దర్వాజ.

ఆ భయం ఎంతదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. బోరు నీళ్లు కాచే హీటర్ రాడ్‌ను ప్లగ్ తీసి, చల్లారాక ఆమె చేతికివ్వండి. దానికి పట్టిన తెల్లటి పెచ్చును కొంచెం గీకి, నిమ్మరసం చుక్క వేయమనండి. బుసబుసా పొంగితే అది కాల్షియం కార్బొనేట్. నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేట్ వేడికి విడిపోయి, కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలిసిపోతే, సున్నం రాడ్‌ను పట్టుకుంది. ఈ చర్య వేడిని పీల్చుకుంటుంది, అంటే ఎంథాల్పీ (చర్యలో వేడి లెక్క) దానికి అడ్డం. కానీ గ్యాస్ బయటపడుతుంది కాబట్టి ఎంట్రపీ, అంటే చెల్లాచెదురుతనం, పెరుగుతుంది. ఎంట్రపీ మార్పును ఉష్ణోగ్రతతో గుణించి ఎంథాల్పీ మార్పులోంచి తీసేస్తే వచ్చేదే గిబ్స్ శక్తి మార్పు. అది సున్నా కంటే కిందికి దిగితే చర్య దానంతటదే సాగుతుంది. వేడి పెరిగేకొద్దీ ఎంట్రపీదే పైచేయి. పుస్తకంలో ఆమెను ఏడిపిస్తున్న సూత్రం ఇదే.

అక్కడితో ఆగొద్దు. భూమి లోపల కూడా ఇలాగే నీళ్లలోంచి సున్నం దిగిపోతే కాల్షియం తగ్గుతుంది. కాల్షియం తగ్గితే గ్రానైట్‌లోని ఫ్లోరైట్ అనే ఖనిజం ఇంకాస్త కరుగుతుంది, నీళ్లలో ఫ్లోరైడ్ పెరుగుతుంది. నల్గొండ జిల్లాలో ఎముకలు వంగిపోయిన మనుషుల వెనుక ఉన్న కారణాల్లో ఈ సమతాస్థితి (కరగడానికీ, అడుగుకు దిగడానికీ మధ్య తూకం) ఒకటి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఏ బోరులో దాటుతుందో, ఎందుకు దాటుతుందో చెప్పడం జియోకెమిస్టు పనే. ‘రాళ్ల చదువు’ అన్న మీ బావమరిదికి ఈ ముక్క చెప్పండి.

ఇంకో మాట. మీ ఊరి దారికి పోసే మొరం ఒకప్పుడు గ్రానైటే. లోతులో, విపరీతమైన వేడిలో పుట్టిన, గ్రానైట్‌లో ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజానికి పైనున్న వాన, గాలి పడవు, మెల్లగా బంకమట్టిగా మారిపోతుంది. మరి వరంగల్ కోటలోని ఒంటికొండ ఇంకా ఎందుకు నిలబడి ఉంది? 1163 నాటి వేయిస్తంభాల గుడిలో నల్లరాతి నునుపు ఎందుకు పోలేదు? థర్మోడైనమిక్స్ ఎటు పోవాలో చెబుతుంది కానీ గడువు చెప్పదు. గడువు చెప్పేది కైనెటిక్స్. ఈ తేడా ఆమెకు పట్టుబడిందంటే సగం సబ్జెక్టు వచ్చినట్టే.

ఇక దారులు. డిగ్రీలో జియాలజీ లేనివాళ్లను జియాలజీ ఎమ్మెస్సీకి చాలాచోట్ల తీసుకోరు. ఉస్మానియాలో అప్లైడ్ జియోకెమిస్ట్రీకి విభాగమే ఉంది. అక్కడ చేరాలనుకుంటే ఆ ఏడాది పీజీ ప్రవేశ పరీక్ష ‘సీపీగెట్’ ప్రకటనలో డిగ్రీ సబ్జెక్టుల అర్హత అక్షరం అక్షరం చదవండి. కుదరకపోతే నా ఓటు కెమిస్ట్రీ ఎమ్మెస్సీకే, అందులోనూ అనలిటికల్ (దేనిలో ఏముందో, ఎంతుందో పరీక్షించే శాఖ) ఉంటే మరీ మంచిది. ఎమ్మెస్సీ సీట్ల కోసం దేశమంతా రాసే ‘జామ్’ పరీక్షలో మంచి స్కోరు వస్తే ఎన్‌ఐటీ వరంగల్ ఇంటి పక్కనే ఉంది.

ఎందుకంటే యూపీఎస్సీ పెట్టే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షలో జియాలజిస్టులతో పాటు కెమిస్టులనూ తీసుకుంటారు. జియోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ అయితే జియాలజిస్టుకు, కెమిస్ట్రీ ఎమ్మెస్సీ అయితే కెమిస్టుకు రాయాలి. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, ఒక్క ప్రయత్నంలో రాదనే లెక్కతోనే దిగాలి. హైదరాబాద్‌లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, అణు ఖనిజాల డైరెక్టరేట్, భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ జీఎస్‌ఐ దక్షిణ ప్రాంత కార్యాలయం అన్నీ ఉన్నాయి. రాళ్లూ నీళ్లూ పరీక్షించే ప్రైవేటు ల్యాబుల్లో మొదట్లో జీతం పెద్దగా ఉండదు, ఆ మాట దాచను.

మీరు అడగలేదు కానీ మీ మనసులో ఉండే ఉంటుంది: ఆడపిల్ల, అడవులూ గుట్టలూ తిరగాలా? జియాలజిస్టు అయితే తిరగాలి, నెలల తరబడి క్యాంపుల్లో ఉండాలి. కెమిస్టు పని ఎక్కువగా ల్యాబ్‌లోనే. ఏది కావాలో మీరూ మీ బావమరిదీ కాదు, ఆమే చెప్పాలి. ముందు ఆ బ్యాక్‌లాగ్ రాయనివ్వండి. పరీక్ష రాసి ఇంటికొచ్చిన సాయంత్రం అడగండి.