మేనకోడలికి మామయ్య ఉత్తరం: సంచి కుట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కాకుటూరు యూనివర్సిటీకి వేసుకెళ్లే మెసెంజర్ బ్యాగును, అదే ఒక భుజాన వేలాడేసుకునే మూత సంచిని, నువ్వే కుట్టుకుంటానని పట్టుబట్టావట. మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. మొదట జాకెట్టో లంగానో కుట్టమని నలుగురూ చెబుతారు. నేను మాత్రం సంచితోనే మొదలుపెట్టమంటాను. జాకెట్టుకు చంక దగ్గర, మెడ దగ్గర ఒంపులు తిప్పాలి, ఒంటికి అమరాలి. సంచికి అన్నీ తిన్నని గీతలే. కష్టమల్లా గుడ్డ మందం ఒక్కటే. అది కూడా పద్ధతి తెలిస్తే లొంగుతుంది.

అన్నిటికంటే ముందు ఒకటి గుర్తుపెట్టుకో. సంచి పాడయ్యేది పట్టీ కలిసే చోట. బొక్కెన ఎంత గట్టిదైనా చెవి ఊడితే నీళ్లు బావిలోనే. బాగుచేయమని నా కొట్టుకు తెచ్చే సంచుల్లో చాలావాటికి గుడ్డ నిక్షేపంగా ఉంటుంది. పట్టీ మాత్రం ఒకపక్క ఊడి వేలాడుతుంటుంది. రంగులు, జేబులు, బొమ్మలు అంటూ తొలిరోజే అలసిపోకు. నీ ఓపికలో సగం ఆ రెండు చోట్ల కోసం దాచుకో.

గుడ్డ నూలు కాన్వాసు తీసుకో. చీరల కొట్లలో అడిగితే దొరకదు. పట్టాలు, టెంటు గుడ్డ అమ్మే కొట్లలో అడగాలి. చిన్నబజారు వైపు వెళ్లినప్పుడు విచారించు. చదరపు మీటరుకు 300 నుంచి 350 గ్రాముల బరువున్నది చాలు. 10 ఔన్సుల కాన్వాసు అన్నా దాదాపు అదే. అంతకంటే దళసరిది కొంటే ఇంటి మిషను మడతల దగ్గర ముందుకు కదలదు. 58 అంగుళాల పన్నా ఉంటే ముప్పావు మీటరు కొను. సగం దాకా మిగులుతుంది కానీ మొదటిసారి కుట్టేవాళ్లకు ఆ మిగులు ఉండాలి.

తెచ్చిన వెంటనే కత్తెర పెట్టవద్దు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండకుండా ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చెయ్యి. గంజి పోతుంది, కుంచించుకునేదేదో ఇప్పుడే కుంచించుకుంటుంది. ముదురు రంగు గుడ్డ అయితే తెల్లగుడ్డను తడిపి దానిమీద గట్టిగా రుద్ది చూడు. రంగు అంటితే ఆ గుడ్డను వేరే పనికి వాడుకో. మన నెల్లూరు ఎండల్లో చెమట పట్టిన వీపుకు ఆ సంచి ఆనుకుంటే తెల్ల చుడీదారు పాడైనట్టే.

లోపలి లైనింగుకు గొడుగు గుడ్డ లాంటి నైలాను గుడ్డ వెయ్యి. మనకు ఏడాదిలో ఎక్కువ వాన అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. తుపాను పట్టిందంటే బస్టాండు నుంచి ఇంటికి వచ్చేలోపే పుస్తకాలు తడిసిపోతాయి. ఈ గుడ్డకు గుండుసూదులు గుచ్చవద్దు. గుచ్చిన రంధ్రం మళ్లీ పూడదు, అక్కడినుంచే నీరు దిగుతుంది. బట్టలు ఆరేసే క్లిప్పులతో పట్టి ఉంచు.

కొలతలు ఇవి. పూర్తయిన సంచి 14 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల ఎత్తు, 4 అంగుళాల లోతు ఉంటుంది. ఏ4 కాగితాల ఫైలు అడ్డంగా హాయిగా పడుతుంది. ముందు, వెనక ముక్కలు రెండూ 19 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తున కొయ్యాలి. 14కు లోతు 4 కలిపితే 18, రెండు పక్కలా కుట్టుకు అర అంగుళం చొప్పున వదిలితే 19. ఎత్తు లెక్క కూడా ఇలాగే: 11కు లోతులో సగం 2, కుట్లకు 1. మూత 14 వెడల్పు, 13 పొడవు. కుట్టాక అది 13కు 12 అవుతుంది. అందులో 4 అంగుళాలు సంచి నోటిని కప్పితే 8 అంగుళాలు ముందుకు వాలుతుంది. లైనింగు కూడా ఇవే కొలతలు. కోసే ముందు ఈ ముక్కలన్నీ పాత పేపర్లో కత్తిరించి, క్లిప్పులతో కలిపి, భుజానికి వేలాడదీసి అద్దంలో చూసుకో. పెద్దదనిపిస్తే అక్కడే తగ్గించు. కాగితానికి ఖర్చు లేదు.

సూది 18 నంబరుది వెయ్యి. జాకెట్లు కుట్టే 14 నంబరు సూది కాన్వాసు నాలుగు పొరల మీదికి రాగానే వంగిపోతుంది, లేదా విరుగుతుంది. కొట్టుకు వెళ్లేటప్పుడు పాత సూదిని వెంట తీసుకెళ్లి చూపించు. ఇంటి మిషను సూది కాడ ఒకవైపు చదునుగా ఉంటుంది. పెద్ద కుట్టు మిషన్ల సూది కాడ గుండ్రంగా ఉంటుంది, అది నీ మిషనుకు పట్టదు. దారం పాలిస్టరుది, కొంచెం మందంగా ఉండాలి. నూలు దారం వాన నీటికి నాని కొంతకాలానికి పుచ్చిపోతుంది. కుట్టు పొడవు అంగుళానికి ఎనిమిది కుట్లు వచ్చేలా పెట్టుకో. దగ్గర దగ్గరగా కుడితే గట్టిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాన్వాసులో అలా కుడితే సూది రంధ్రాలన్నీ వరసగా పడి, తపాలా బిళ్లల కాగితంలా ఆ గీత వెంటే చిరుగుతుంది.

పాత జీన్సు కాలు ఒకటి కోసి, నాలుగు మడతలు వేసి కుట్టి చూడు. కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా వస్తే పైదారం వదులైందని అర్థం. కింది దారం పైకి చుక్కలుగా కనిపిస్తే పైదారం మరీ బిగిసింది. ఈ రెండూ పోయాకే సంచి గుడ్డ పట్టుకో.

ఇప్పుడు పట్టీ. గుడ్డ మడిచి కుట్టే పట్టీ నీకు వద్దు, అంగుళంన్నర వెడల్పున్న నవారు 2 మీటర్లు కొను. బ్యాగులు బాగుచేసేవాళ్ల దగ్గర నవారు, రింగు, పట్టీ పొడవు సర్దుకునే అడ్జస్టరు మూడూ దొరుకుతాయి. నైలాను నవారైతే కోసిన కొసను అగ్గిపుల్లతో కాల్చు, పోగులు ఊడవు. నూలు నవారైతే కొసను అంగుళం లోపలికి మడవాలి.

పట్టీని సంచి అంతా కుట్టాక అతికించకూడదు. వెనక ముక్క ఇంకా బల్లపరుపుగా ఉన్నప్పుడే కుట్టాలి. పక్క అంచు నుంచి ముప్పావు అంగుళం లోపలికి నవారు అంచు పెట్టు. అలా పెడితే నవారు రేపు సంచి పక్కభాగం మీద కూర్చుంటుంది, మూతకు అడ్డం రాదు. నవారు కొస పై అంచు నుంచి 5 అంగుళాలు కిందికి దిగాలి. కాన్వాసు వెనకవైపు 2 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవున్న ముక్కను ఆసరాగా వెయ్యి. బరువు ఆ కొద్ది చోటనే పడకుండా ఈ ముక్క పంచుకుంటుంది. పై అంచు కింద అంగుళం వదిలి, అక్కడి నుంచి నవారు కొస దాకా నిలువు డబ్బా ఆకారంలో కుట్టు. సూదిని గుడ్డలో దించే ఉంచి, గుడ్డను నొక్కిపట్టే మిషను పాదం ఎత్తి, మూలల దగ్గర తిప్పుకుంటూ రా. తరువాత ఒక మూల నుంచి ఎదుటి మూలకు గుణకారం గుర్తులా రెండు ఏటవాలు కుట్లు. డబ్బాను మళ్లీ ఇంకోసారి చుట్టు. ఒకవైపు 12 అంగుళాల పొట్టి ముక్కను రింగులోంచి దూర్చి, రెండుగా మడిచి, రెండు కొసలూ కలిపి ఇలాగే కుట్టు. రెండోవైపు పొడవాటి నవారు.

ఈ చోట మిషను మొరాయిస్తుంది. తొక్కుడు ఆపి, చక్రాన్ని చేత్తో నీవైపు తిప్పుతూ ఒక్కొక్క కుట్టూ వెయ్యి. పాదం ముందువైపు ఎత్తుకుని నిలబడిపోతే, దాని వెనక అంతే మందంలో మడిచిన గుడ్డముక్క పెట్టు. పాదం సమంగా నిలిచి ముందుకు సాగుతుంది. గుడ్డను చేత్తో లాగవద్దు. సూదులు ఎక్కువగా విరిగేది ఆ లాగుడు వల్లే.

మూతకు వెల్క్రో పెట్టవద్దు. నీ చున్నీని పట్టుకుని లాగుతుంది. అయస్కాంతం బటను మేలు. ముందు ముక్కకు పై అంచు నుంచి 7 అంగుళాల కింద ఒక భాగం, మూత లైనింగుకు కింది అంచు నుంచి 2 అంగుళాల పైన ఇంకో భాగం బిగించు. రెండిటి వెనకా కాన్వాసు ముక్క ఉండాలి. లోపలి జేబును లైనింగుకే కుట్టు, అదీ లైనింగు ముక్కలు కలపక ముందే. ఒకటి చాలు.

తరువాత ముందు, వెనక ముక్కల మంచివైపులు ఎదురెదురుగా పెట్టి పక్కలు, అడుగు కుట్టు. మూలలో పక్కకుట్టునూ అడుగుకుట్టునూ ఒకదానిమీద ఒకటి వచ్చేలా చదును చేస్తే త్రికోణం వస్తుంది. కుట్లు కలిసిన కొస నుంచి 2 అంగుళాలు కొలిచి అడ్డగీత గీస్తే, ఆ గీత సరిగ్గా 4 అంగుళాలు ఉంటుంది. అదే నీ సంచి లోతు. గుడ్డ అంచు నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. ఆ గీత మీద రెండుసార్లు కుట్టి, కొసను కోసెయ్యి. లైనింగూ ఇలాగే కుట్టాలి కానీ అడుగున 6 అంగుళాలు కుట్టకుండా వదులు. పక్కకుట్లు పై అంచు దగ్గర అర అంగుళంతో మొదలుపెట్టి కిందికి వచ్చేసరికి పిసరంత ఎక్కువ తీసుకో. అప్పుడు లైనింగు లోపల ముడతలు పడదు.

మూతను మూడువైపులా కుట్టి తిరగేసి, ఇస్త్రీ చేసి, అంచు వెంట పైకుట్టు వెయ్యి. దాని బయటివైపు వెనక ముక్క బయటివైపుకు తగిలేలా పెట్టి, పై అంచు దగ్గర టాకా వెయ్యి. సంచి మంచివైపు బయటికి, లైనింగు మంచివైపు లోపలికి ఉండేలా చూసి సంచిని లైనింగులోకి దించు. మూత, పట్టీలు ఆ రెండిటి మధ్యలో ఉండాలి. నోటి చుట్టూ కుట్టే ముందు చెయ్యి పెట్టి తడుము. పట్టీ మెలిపడలేదు కదా, మూత కొస కుట్టులోకి రాలేదు కదా అని చూసుకో. లైనింగు అడుగున వదిలిన సందులోంచి అంతా బయటికి లాగి, ఆ సందు మూసి, నోటి చుట్టూ ఒక పైకుట్టు వెయ్యి. మిగిలింది నవారు కొస: అడ్జస్టరులోంచి తీసి, రింగులోంచి దూర్చి, వెనక్కు తెచ్చి అడ్జస్టరు నడిమి కమ్మీకి చుట్టి కుట్టెయ్యాలి.

మీ నాన్న వచ్చే వారం కావలి వస్తున్నాడుగా, 18 నంబరు సూదుల పొట్లం ఆయన చేతికి ఇచ్చి పంపుతాను. ఈలోగా కాగితం ముక్కలు కత్తిరించి, కొలతలు రాసి, ఫోటో తీసి నాకు పంపు. నేను చూసి సరే అన్నాకే కాన్వాసు మీద సుద్దగీత గీయి.

ఇట్లు,
మామయ్య
కావలి