తోట మాట: ఎండుటాకులు గేటు దాటకూడదు

ప్రశ్న: మాస్టారూ, మా పార్కు సంరక్షణ సంఘంలో కొత్తగా చేరాను. పార్కును పర్యావరణానికి మేలు చేసేలా మార్చాలని అందరికీ ఉంది. కొందరు సౌర ఫలకాలంటున్నారు, కొందరు వాననీటి తొట్టి అంటున్నారు. మా దగ్గర ఉన్నది కొద్దిపాటి డబ్బు, వారానికి ఒక పూట పనిచేసే పదిమంది. దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఒక వారం గేటు దగ్గర నిలబడండి. లోపలికి ఏం వస్తోందో, బయటికి ఏం పోతోందో పుస్తకంలో రాసుకోండి. ఒక బొటానికల్ గార్డెన్ నర్సరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. చేరిన కొత్తలో పొద్దున్నే ఒక బండి ఎండుటాకులను చెత్తకుప్పకు తీసుకుపోయేది, మధ్యాహ్నం ఇంకో బండి ఎరువు బస్తాలు దించేది. చెట్టు నేలలోంచి తీసుకున్న దాంట్లో కొంత ఆకుగా నేలకే తిరిగి ఇస్తుంది. మనం దాన్ని ఊడ్చి పంపేసి, సహజవాయువు ఖర్చుపెట్టి తయారుచేసే నత్రజని ఎరువును కొని తెచ్చుకుంటున్నాం. ఆకులను కాల్చేవాళ్ళు మరీ అన్యాయం చేస్తున్నారు. ఆ పొగ పీల్చేది పార్కుకు వచ్చే పిల్లలూ పెద్దలే కదా.

కాబట్టి ఆకులతో మొదలుపెట్టండి. సగం ఆకులను చెట్ల కింద నాలుగు వేళ్ళ మందాన పరచండి. మొదలుకు మాత్రం జానెడు దూరం వదలాలి. ఒకసారి నేనే ఒక మొక్క మొదలు చుట్టూ గుట్టగా పోయించాను. రెండేళ్ళకు బొటనవేలితో నొక్కితే బెరడు మెత్తగా లోపలికి దిగింది. ఆ మొక్క బతకలేదు. అప్పటినుంచి ఎవరు ఆకులు పరుస్తున్నా పక్కన నిలబడి చూస్తాను.

మిగతా సగం కంపోస్టుకు. కుప్ప కనీసం మీటరు ఎత్తు లేకపోతే వేడి నిలవదు. ఎండుటాకులు ఎక్కువగా, కోసిన పచ్చగడ్డి తక్కువగా వేయండి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టు, ఘాటు వాసన వస్తే గడ్డి ఎక్కువైనట్టు. లోపల 55 డిగ్రీల సెల్సియస్ దాటి కొన్ని రోజులు ఉంటే చాలా కలుపు గింజలు, తెగుళ్ళు చచ్చిపోతాయి. వేడి తగ్గగానే తిరగేయండి.

పనికిరాదనుకున్న దాంతో ఎంత నేలను తయారుచేయవచ్చో చూడాలంటే ఇంగ్లండులోని ఈడెన్ ప్రాజెక్టు ఉంది. 2001లో పూర్తిస్థాయిలో తెరిచిన ఆ తోట ఒకప్పుడు పింగాణీ మట్టి తవ్విన గొయ్యి, అందులో సాగుకు పనికొచ్చే నేలే లేదు. గని వ్యర్థాలకు కుళ్ళబెట్టిన బెరడు, మొక్కల వ్యర్థాలు కలిపి 80,000 టన్నులకు పైగా మట్టిని తయారుచేశారు.

ఆకులు ఊడ్వకపోతే పార్కు మురికిగా ఉందని సందర్శకులు అంటారు. దారి అంచును మాత్రం గీత గీసినట్టు శుభ్రంగా ఉంచండి, లోపలి ఆకులు కావాలని ఉంచినవేనని చూడగానే తెలుస్తుంది. ఆర్నెల్లయ్యాక ఒక పిల్లవాణ్ణి పిలిచి ఆకుల పొరను ఎత్తి చూపించండి. పైన పొడి ఆకు, దాని కింద ఈనెలు మాత్రమే మిగిలిన జల్లెడ లాంటి ఆకు, ఆ కింద తెల్లని శిలీంధ్ర దారాలు, అడుగున తడిసిన నల్లమట్టిలోకి జారిపోయే వానపాము. దానికంటే మంచి బోర్డు ఏ పార్కులోనూ ఉండదని నా నమ్మకం.

సౌర ఫలకాలు వద్దని కాదు. ఆకుపొర కింద తేమ నిలుస్తుంది, పంపు తక్కువసేపు తిరుగుతుంది. ఏడాది కరెంటు బిల్లులు దగ్గర పెట్టుకుని ఆ తర్వాత లెక్క వేస్తే చిన్న ఫలకాలే సరిపోవచ్చు.

ప్రశ్న: నారు పెంచడానికి పీట్ వాడకూడదంటున్నారు. నిజమా?

జవాబు: నిజమే. నీరు నిలిచిన చిత్తడి నేలల్లో గాలి అందక నాచు పూర్తిగా కుళ్ళదు, ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకుంటుంది. అదే పీట్. మీటరు లోతు తవ్వారంటే వెయ్యేళ్ళది తవ్వినట్టే. పీట్ పేరుకున్న నేలలు భూమ్మీది నేలలో 3 శాతమే అయినా, ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటి కంటే ఎక్కువ కర్బనం అక్కడ దాగి ఉంది. నీరు తోడి బయటపెడితే అది గాలిలో కలుస్తుంది. ఏడాది రెండేళ్ళు మాగిన ఆకుమట్టిని జల్లించి ఇసుకతో కలిపి వాడండి. కొబ్బరి పొట్టయితే ఉప్పు పోయేదాకా కడగాలి.

ప్రశ్న: మా బొటానికల్ గార్డెన్‌లో దూరదేశపు తీగ ఒకటి విరగబూస్తోంది. సందర్శకులు కొమ్మలు అడుగుతున్నారు. ఈమధ్య కంచె అవతల మూడు పిల్లమొక్కలు కనిపించాయి. తీగను తీసేయాలంటే మనసొప్పడం లేదు.

జవాబు: మీ బాధ నాకు తెలుసు, కానీ ఆ మూడు మొక్కలను తేలిగ్గా తీసుకోకండి. అమెరికా ఖండాల నుంచి పూల కోసం తెచ్చిన లాంటానాను పక్షులు పండ్లు తిని అడవుల నిండా చల్లాయి. గుర్రపుడెక్కనూ ఊదా పూల అందం చూసే దేశదేశాలకు మోసుకెళ్ళారు. ఇలాంటి వాటి వెనుక మా బొటానికల్ గార్డెన్ల చెయ్యి కూడా ఉంది, అందుకే ఈ విషయంలో నేను మెత్తబడలేను.

పిల్లమొక్కలను వేళ్ళతో సహా పీకి, ఎక్కడ, ఏ రోజు దొరికాయో రాయండి. కొమ్మలు ఇవ్వడం ఈ రోజే ఆపండి. కాయ కట్టకముందే పూలు తుంచండి. వచ్చే వానల తర్వాత కంచె అవతల ఒక్క మొక్క మొలిచినా, ఒక కొమ్మను ఎండబెట్టి హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల నమూనాలు దాచే చోట, భద్రపరిచి తల్లితీగను తీసేయండి. పీకినవాటిని మాత్రం కంపోస్టు కుప్పలో వేయకండి. నల్లని సంచిలో మూతికట్టి, పూర్తిగా చచ్చేదాకా ఎండలో ఉంచండి.