మటన్ వేపుడు, చేపల పులుసు పక్కన ఏ వైట్ వైన్, ఏ రెడ్ వైన్ పెట్టాలి?

మీ ఇంటికి పదిమంది వస్తున్నారు, మటన్ వేపుడు, గోంగూర, చేపల పులుసు వండుతున్నారు, విదేశీ సీసాలు కాకుండా మన దేశంలోనే బాగా తయారైన వైట్ ఒకటి, రెడ్ ఒకటి చెప్పమన్నారు. ముందు పేర్లు చెప్పేస్తాను. వైట్‌లో సులా వాళ్ల సావిన్యాన్ బ్లాంక్, రెడ్‌లో ఫ్రాటెల్లి వాళ్ల శాంజోవేజె. సులా, ఫ్రాటెల్లి కంపెనీలు, మిగతా రెండూ ద్రాక్ష రకాల పేర్లు. ఎందుకో చెప్తే, రేపు షాపులో ఆ రెండూ దొరక్కపోయినా మీరే ఇంకోటి ఎంచుకోగలరు.

నేను పుణేలో ఉంటాను. నాసిక్, అక్లూజ్ ద్రాక్ష తోటలు దగ్గరే కాబట్టి వీలు దొరికినప్పుడల్లా వెళ్లి రుచి చూస్తుంటాను. అక్కడ నాకు బాగా అర్థమైంది ఒక్కటే: మన వేడి దేశంలో వైన్ బాగా కుదిరిందా లేదా అన్నది దాని పులుపులో తెలిసిపోతుంది. ఎండ ముదిరితే ద్రాక్షలో చక్కెర గబగబా పెరిగి, పులుపు పడిపోతుంది. అప్పుడు వచ్చే వైన్‌లో మత్తు ఉంటుంది గానీ ప్రాణం ఉండదు. అందుకే యూరప్‌లో ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య జరిగే కోతలు నాసిక్‌లో జనవరి నుంచి మార్చి లోపు అయిపోతాయి. వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో తీగలు కత్తిరిస్తారు. కాయ చలికాలమంతా ఊరుతుంది. ఆ రాత్రుల చలే పులుపును కాపాడుతుంది. ఫిబ్రవరిలో తోటలో ఒక గుత్తి తెంపి తిన్నాను. పండు చిన్నది, తోలు మందం, లోపల విత్తనాలు. తీపి విపరీతంగా తగిలింది, ఆ వెంటనే నాలుక అంచుల్ని లాగేసే పులుపు. మనం బజార్లో కొనే ద్రాక్షలో ఆ రెండోది అంతగా ఉండదు.

రుచి చూసేటప్పుడు వాసనల జాబితా గురించి టెన్షన్ పడొద్దు. గ్లాసులో మూడో వంతు పోసి, తిప్పి, వాసన చూసి, ఒక గుక్క నోరంతా తిరగనివ్వండి. మింగాక దవడల పక్కన నీళ్లు ఊరాయంటే పులుపు సరిగా ఉన్నట్టు. గొంతు మండి, నోట్లో ఇంకేమీ మిగలకపోతే అందులో మత్తే తప్ప మరేం లేదు. రెడ్‌లో ఇంకోటి కూడా చూడాలి, వగరు. రెడ్ వైన్ ద్రాక్ష తోలుతో కలిపి పులుస్తుంది కాబట్టి రంగుతో పాటు వగరు కూడా దిగుతుంది. మంచి రెడ్‌లో అది నేరేడు పండు తిన్నట్టు నోటిని కాస్త పట్టి వదిలేస్తుంది.

ఇప్పుడు మీ వంట సంగతి. వైన్ కన్నా కూర పుల్లగా ఉంటే వైన్ చప్పబడిపోతుంది. గోంగూరకీ చేపల పులుసుకీ ఎదురు నిలిచేది సావిన్యాన్ బ్లాంకే. నిమ్మ, పచ్చి కాప్సికం లాంటి ఘాటైన వాసన, పదునైన పులుపు. సులా రాజీవ్ సామంత్ నాసిక్‌లో మొదలుపెట్టినది, 2000 నుంచి వాళ్ల వైన్ మార్కెట్లో ఉంది. ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే క్రిష్మా ఎస్టేట్స్ వాళ్ల సావిన్యాన్ బ్లాంక్ చూడండి. హైదరాబాద్‌కు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపి కొండల దగ్గర పెంచిన తోట అది. మనవాళ్లు ఇంత శ్రద్ధగా చేస్తున్నారంటే నాకు నిజంగా గర్వంగా ఉంటుంది. కారం బాగా దట్టిస్తే మాత్రం కాస్త తీపి ఉన్న షెనిన్ బ్లాంక్ అనే వైట్ తీసుకోండి. ఆ తీపి మంటను తగ్గిస్తుంది.

రెడ్‌కి వస్తే, కారం తిన్న నోటికి వగరు, మత్తు రెండూ ఇంకా మంట పెడతాయి. ఓక్ చెక్క పీపాల్లో ఉంచిన బరువైన రెడ్లు మటన్ వేపుడు పక్కన అందుకే నప్పవు. శాంజోవేజె ఇటలీ ద్రాక్ష, స్వతహాగా పులుపు ఎక్కువ, కాబట్టి కొవ్వు మాంసం తిన్నాక నోటిని శుభ్రం చేస్తుంది. ఫ్రాటెల్లి వాళ్లు దాన్ని షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో పండిస్తారు. వాళ్ల సెట్టె అనే రెడ్ ఇంకా పై మెట్టు, శాంజోవేజె, క్యాబర్నే సావిన్యాన్ కలిపి చేస్తారు. నా దృష్టిలో మన దేశపు మంచి రెడ్లలో అదొకటి. కానీ దాన్ని కారం తక్కువున్న కబాబుల రోజుకి దాచండి. నంది హిల్స్ దగ్గరి గ్రోవర్ వాళ్ల లా రిజర్వ్ అనే రెడ్ కూడా అంతే.

కొనేటప్పుడు లేబుల్ మీద కోత సంవత్సరం చూడండి. వైట్ అయితే ఏడాది, రెండేళ్ల లోపుది కావాలి. ఎండ తగిలే అద్దాల అరలో నిలబెట్టిన సీసా వద్దు, లోపల్నుంచి తెప్పించమనండి. వేడికి పాడైన వైన్ ఉడికిన పండు వాసన వేస్తుంది. బిరడా బదులు తిప్పే మూత ఉందని తక్కువగా చూడొద్దు, తాజాగా తాగాల్సిన వైన్‌కి అదే మంచిది. ధరలు ఒక్కో రాష్ట్రం పన్నును బట్టి బాగా మారతాయి, అందుకే ఇక్కడ రాయడం లేదు.

వైట్‌ని రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, పోసే ముందు పది నిమిషాలు బయట ఉంచండి. మరీ గడ్డకట్టే చలిలో వాసన రాదు. రెడ్‌ని కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. రెడ్‌ని గది వేడిలో తాగాలనే సలహా చలిదేశాల ఇళ్లకు సరిపోతుంది. 16-18 డిగ్రీలు ఉంటే చాలు, మన హాల్లో 30 దాటుతుంది. 750 మిల్లీలీటర్ల సీసాకి ఐదు గ్లాసులు వస్తాయి, కాబట్టి పదిమందికి వైట్ రెండు, రెడ్ రెండు తెచ్చుకోండి. మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో పూర్తి చేసేయండి.