వాకిట్లో ముగ్గు, మంచం మీద బొమ్మ

తమ్ముడూ,

నీ కథ మొన్న ఆదివారం అందింది, రెండుసార్లు చదివా. మొదటిసారి రాత్రి చదివి నిద్రపట్టలేదు, రెండోసారి పొద్దున్నే కాఫీ పెట్టుకుని పెన్సిల్ పట్టుకుని చదివా. ముందు బాగున్నది చెప్తా. హైదరాబాద్‌లో పీజీలో ఉంటూ, నైట్ షిఫ్ట్ అయ్యాక రూమ్‌కొచ్చి, పోర్చుగల్‌లో ఎప్పుడో తప్పిపోయిన పాప పడుకున్న గది ఫోటోలు లాప్‌టాప్‌లో పెట్టుకుని తెల్లారేదాకా జూమ్ చేస్తూ కూర్చుంటాడే ఆ కుర్రాడు, వాడు నాకు బాగా తెలిసినవాడే అనిపించాడు. పక్క మంచం వాడు లైటార్పరా అని గోడవైపు తిరిగి పడుకోవటం, టీ మీద మీగడ కట్టటం, అన్నీ కనిపించాయి. వాడికి ఆ పాప మీద నిజంగా జాలి ఉంది, నువ్వు ఆ జాలిని ఎక్కడా వెటకారం చెయ్యలేదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా.

పదకొండో పేజీ దగ్గరే నాకు ఇబ్బంది. అక్కడ వాడు దుప్పటి నలగలేదని చూసి, తలుపు ఎంత తెరిచుందో చూసి, తల్లే ఏదో చేసిందని తేల్చేస్తాడు. వాడు తేల్చుకుంటే తేల్చుకోనీ, అలా తేల్చేసినవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. నువ్వు కూడా వాడి పక్కన కూర్చుని తేల్చేశావు, ఆ తర్వాత మూడు పేజీలూ వాడు కరెక్టే అన్నట్టు నడిపించావు. కథ అని పైన రాసుకున్నా చదివే ప్రతివాడికీ అది పోర్చుగల్‌లో తప్పిపోయిన బ్రిటిష్ పాప మడలీన్ మెకాన్ గది అని తెలుస్తుంది, ఆ తల్లి బతికే ఉంది.

నువ్వు ఫోటోలు చూసి రాశావు, గది గురించి కాస్త చదివి కూడా రాయాల్సింది. ప్రాయా ద లూజ్ అనే సముద్రపు ఊరు, సెలవలకొచ్చిన ఆ కుటుంబం దిగిన 5ఏ నంబరు అపార్ట్‌మెంట్, 2007 మే 3 రాత్రి. గదిలో రెండు సింగిల్ మంచాలు, మధ్యలో రెండు ట్రావెల్ కాట్‌లు, అంటే మడత పెట్టుకునే పసిపిల్లల మంచాలు, వాటిలో రెండేళ్ళ కవలలు. పాప తలుపు వైపు మంచం మీద పడుకుంది, కిటికీ కింద మంచం ఖాళీ. ఇంకో తొమ్మిది రోజుల్లో నాలుగో పుట్టినరోజు. అమ్మా నాన్నా ఫ్రెండ్స్‌తో కలిసి ఒక యాభై మీటర్ల దూరంలో రెస్టారెంట్‌లో భోజనానికి కూర్చున్నారు, అరగంటకోసారి ఎవరో ఒకరు వెళ్ళి పిల్లల్ని చూసి రావాలని అనుకున్నారు. తొమ్మిది దాటాక తండ్రి వెళ్ళాడు, ఓరగా వేసిన తలుపు ఇంకాస్త తెరిచున్నట్టు అనిపించింది, పాప నిద్రపోతూనే ఉంది. తొమ్మిదిన్నరకి ఒక ఫ్రెండ్ వెళ్ళాడు, కవలల్ని చూశాడు, అతను నిలబడిన చోటునుంచి పాప మంచం కనపడలేదు, గదంతా నిశ్శబ్దంగా ఉంది కదా అని తిరిగొచ్చేశాడు. పదింటికి తల్లి వెళ్ళింది. తలుపు గాలికి దభాలున పడింది, లోపలికెళ్తే కిటికీ తీసుంది, షట్టర్ పైకి లేచుంది, పాప లేదు, బొమ్మ మాత్రం మంచం మీద ఉంది.

ఆ ఫ్రెండ్ ఒక్క అడుగు లోపలికి వేసి ఉంటే అన్న ఆలోచన దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. నీ కథలో అతను లేడు. నీ కుర్రాడికి అతను పనికిరాడు, ఎందుకంటే అతని దగ్గర క్లూ లేదు. రచయితకి మాత్రం ఆ గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషే ముఖ్యం.

ఇక నువ్వు అంత నమ్మకంగా చదివిన ఆ దుప్పటి సంగతి. ఆ గదిని పోలీసులు మూసేసేలోపు సుమారు 20 మంది లోపలికీ బయటికీ తిరిగారని పోర్చుగల్ పోలీసు అధికారే చెప్పాడు. కిటికీ షట్టర్ మీద వేలిముద్రలు తీస్తున్న ఆఫీసర్ చేతికి గ్లవుజులు లేవు. తర్వాత ఆ అపార్ట్‌మెంట్‌ని మళ్ళీ టూరిస్టులకి అద్దెకిచ్చారు, వేరే కుటుంబాలు వచ్చి అక్కడే పడుకుని, స్నానాలు చేసి, సెలవలు గడిపి వెళ్ళాయి, ఆ తర్వాత ఎప్పుడో ఆగస్టులో మళ్ళీ సీల్ చేసి పరీక్షలన్నారు. మన దగ్గర పంచనామా ఎందుకు రాస్తారో తెలుసా, ఫలానా టైముకి ఫలానా చోట ఫలానా వస్తువు ఇలా ఉంది అని ఇద్దరు మధ్యవర్తుల ముందు అప్పటికప్పుడు రాసి సంతకాలు పెట్టించుకోవాలి, లేకపోతే గంట తర్వాత ఆ గది ఇంకో గది అయిపోతుంది. నీ కుర్రాడు జూమ్ చేసే ఫోటోలో ఉన్నది ఆ రాత్రి తొమ్మిదింటి గది కాదు, అందరూ వెతికేసి ఏడ్చేసి తొక్కేశాక మిగిలింది.

2008 ఆగస్టులో పోలీసు ఫైళ్ళు బయటపెట్టారు, 11 వేల పైచిలుకు పేజీలు. అప్పటినుంచే కదా ఇంతమంది ఔత్సాహికులు దిగారు. కొంతమంది కూర్చుని పోర్చుగీసు నుంచి ఇంగ్లిష్‌లోకి పేజీ పేజీ అనువాదం చేసుకున్నారు, ఎవరూ డబ్బివ్వలేదు, ఆ ఓపిక చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, దాన్ని తక్కువ చెయ్యలేను. కానీ అంత ఓపిక ఉన్నవాళ్ళకి కూడా డీఎన్ఏ దగ్గరకొచ్చేసరికి కావాల్సిన వాక్యమే కనిపించింది. పాప తప్పిపోయిన మూడు వారాలకి తల్లిదండ్రులు అద్దెకి తీసుకున్న కారు డిక్కీలో దొరికిన నమూనాలో పాప డీఎన్ఏలోని 19 భాగాలకి 15 ఉన్నాయన్న ముక్క అందరికీ నోటికొచ్చు. అదే నమూనాలో కనీసం ముగ్గురి డీఎన్ఏ కలిసిపోయి ఉందని, దాన్నిబట్టి ఏమీ చెప్పలేమని బ్రిటన్ ల్యాబ్ రాసిన ముక్క మాత్రం ఎవరి నోటా రాదు. ఒకే ఇంటి మనుషులకి డీఎన్ఏలో చాలా భాగాలు ఒకటే ఉంటాయి కదా మరి.

నువ్వు అస్సలు ముట్టుకోని మనిషి ఇంకొకడున్నాడు. ఆ రాత్రి తొమ్మిదీ పావు ప్రాంతంలో ఒక మగమనిషి పైజమా వేసుకున్న చిన్నపిల్లని చేతుల మీద పడుకోబెట్టుకుని రోడ్డు దాటటం, భోజనానికొచ్చిన ఆ ఫ్రెండ్స్‌లో ఒకామె చూసింది. ముఖం లేని బొమ్మ ఒకటి గీయించి ప్రపంచమంతా పంచారు. ఆరేళ్ళపాటు ఎత్తుకెళ్ళినవాడు అతనే అని కొందరు, అసలు అలాంటివాడే లేడు ఆమె అబద్ధం చెప్తోంది అని కొందరు, దాని మీద టైమ్‌లైన్లు, మ్యాపులు. 2013లో స్కాట్లండ్ యార్డ్, అంటే లండన్ పోలీసులు, తేల్చిందేమిటంటే, అతను దాదాపు ఖాయంగా అక్కడికి సెలవలకొచ్చిన ఇంకో తండ్రే, రాత్రి పిల్లల్ని చూసుకునే క్రెష్‌లో వదిలిన తన కూతుర్ని ఎత్తుకుని రూమ్‌కి పోతున్నాడు. అంతే. నిద్రపోతున్న పిల్లని ఎత్తుకుని వెళ్ళే తండ్రి. తమ్ముడూ, ఇది నీకు కథగా కనపడలేదా? ఆమె చూసింది నిజం, అతను నడిచింది నిజం, మధ్యలో కట్టిన మేడంతా కూలిపోయింది.

ఆ అపార్ట్‌మెంట్ దగ్గర్లోనే ఉండి, పోలీసులకి దుబాసీగా సాయపడ్డ ఒకతన్ని, మరీ ఎక్కువ సాయం చేస్తున్నాడేంటని అనుమానించారు, పత్రికలు పండగ చేసుకున్నాయి. 2008లో 11 పత్రికలు కలిసి అతనికి 6 లక్షల పౌండ్లు కట్టి క్షమాపణ చెప్పుకున్నాయి. అదే ఏడాది తల్లిదండ్రులకి కూడా మొదటి పేజీల్లో క్షమాపణలు, 5 లక్షల 50 వేల పౌండ్లు. అప్పటికి చదివినవాళ్ళ బుర్రల్లో పడాల్సింది పడిపోయింది, పౌండ్లిచ్చి దాన్ని బయటికి లాగలేరు.

ఇదంతా నీకు చెప్పే హక్కు నాకు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి. ఇది నేను ఎక్కడా రాయలేదు.

తొంభైల్లో ఒక పత్రికకి కోస్తాలో చిన్న టౌన్ నుంచి వార్తలు రాసేదాన్ని. తొమ్మిదేళ్ళ పిల్లాడు కనపడలేదని తెలిసి వాళ్ళింటికెళ్ళా. అప్పట్లో పిల్లలు తప్పిపోతే ఎఫ్ఐఆర్ కూడా చాలా స్టేషన్లలో కట్టేవాళ్ళు కాదు, రెండ్రోజులు చూడండి వాడే వస్తాడు అనేవాళ్ళు, కట్టి తీరాలని సుప్రీంకోర్టు చెప్పింది 2013లో. ఆ పిల్లాడి తల్లి చనిపోయింది, ఇంట్లో ఉన్నది సవతితల్లి. వాడి చాప చుట్టి గోడకి నిలబెట్టి ఉంది, పుస్తకాల సంచి మేకుకి తగిలించి ఉంది, పలక కడిగి ఉంది. వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, చుక్కల ముగ్గు వేసి ఉంది. నేను ఆఫీసుకొచ్చి ఏం రాశానో తెలుసా, "బిడ్డ కానరాక మూడు రోజులైనా వాకిట్లో ముగ్గు చెదరలేదు" అని రాశా. ఎవరినీ ఏమీ అనలేదు కదా, ముగ్గుంది కాబట్టి ముగ్గుందన్నా. మంచి వాక్యం పడిందని సంబరపడ్డా కూడా. వీధి వీధంతా ఆ వాక్యాన్ని నాకన్నా బాగా చదివింది. పదకొండో రోజు వాడు విజయవాడ స్టేషన్ దగ్గర టీ బండి మీద గ్లాసులు కడుగుతూ దొరికాడు, పరీక్ష ఫీజు డబ్బులు పారేసుకుని భయపడి రైలెక్కేశాడు. అప్పటికి ఆ సవతితల్లి పుట్టింటికి వెళ్ళిపోయింది, చంటిపిల్లతో. ముగ్గు సంగతి తర్వాత వాళ్ళ అత్తగారు చెప్పింది, పోలీసులొస్తారు చుట్టాలొస్తారు వాకిలి అలా ఉంచుతావా అని తనే పొద్దున్నే లేపి వేయించిందట, ఏడుస్తూ వేసిందట. నేను అడగలేదు. అడిగుంటే ఒక్క నిమిషం పట్టేది.

అందుకే మెకాన్ వాళ్ళ పాప బొమ్మ విషయం చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. గులాబీరంగు పిల్లిబొమ్మ, తల్లి దాన్ని చేతిలో పెట్టుకునే తిరిగింది, కొన్ని వారాల తర్వాత ఉతికింది. ఉతికిందా, ఎందుకు ఉతికింది, ఏం పోగొట్టడానికి ఉతికింది అని ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. మా పెద్దమ్మ కొడుకు పోయాక వాడి చొక్కా ఏడాది ఉతకలేదు, పిచ్చిదన్నారు. మా ఎదురింటావిడ మూడోరోజే అన్నీ ఉతికి ఇస్త్రీ చేయించి బీరువాలో పెట్టింది, గుండె లేదన్నారు. నువ్వు పదకొండో పేజీలో రాసిన దుప్పటి ఈ రెండు ఇళ్ళల్లో దేనిదో చెప్పగలవా?

మన దగ్గరకొస్తే ఇది ఫోటో దగ్గర ఆగదు, అది కూడా నీ కుర్రాడికి తెలిసుండాలి, వాడుండేది హైదరాబాద్‌లోనే కదా. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే గ్యాంగులు దిగాయని వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరిగాయి, చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని జనం కొట్టి చంపేశారు. ఆమె ఏ పిల్లనీ ఎత్తుకుపోలేదు. ఫార్వర్డ్ చేసినవాళ్ళలో చాలామంది పిల్లల తల్లులే అయ్యుంటారు, భయపడే చేసుంటారు.

మరి నీ కుర్రాడి ఓపికని ఏం చెయ్యాలి అంటావా. 2017 నుంచి యూరప్ దేశాల పోలీసు సంస్థ యూరోపోల్ ఒక పని చేస్తోంది. పిల్లల్ని హింసించిన కేసుల్లో దొరికిన ఫోటోల్లోంచి పిల్లని పూర్తిగా తీసేసి, వెనకున్న వస్తువు ఒక్కదాన్నే చూపిస్తారు. కర్టెన్ గుడ్డ, దుప్పటి మీద డిజైను, షాంపూ సీసా, ఒక సంచి. ఇది ఎక్కడ అమ్ముతారు, ఏ దేశంలో దొరుకుతుంది, అంతే ప్రశ్న. ఎవరు చేశారో చెప్పమని అడగరు. తెలిసినవాళ్ళు చెప్పిన జవాబుల వల్ల కొంతమంది పిల్లలు నిజంగానే బయటపడ్డారు. వాడి చేత ఆ పని చేయించి చూడు. సికింద్రాబాద్ జనరల్ బజార్లో దుప్పట్ల కొట్టు దగ్గర నిలబడి, ఫోన్లో ఒక పువ్వుల డిజైను పెట్టుకుని ఈ గుడ్డ ఎక్కడిదండీ అని అడుగుతున్న కుర్రాడు, కొట్టువాడు కొనే బేరం కాదని విసుక్కోవటం, వాడు ఎందుకు అడుగుతున్నాడో చెప్పలేకపోవటం. నాకైతే ఆ సీను చదవాలనుంది.

మడలీన్ ఇంకా దొరకలేదు. 2020 జూన్‌లో జర్మనీ పోలీసులు ఒకతని మీద అనుమానం ఉందన్నారు, ఏళ్ళు గడిచినా ఆ కేసులో చార్జిషీటు పడలేదు. ఒకటి మాత్రం గమనించు, వాళ్ళు జనాన్ని సాయమడిగింది ఆ సాయంత్రం ఆ ఊళ్ళో ఒక ఫోన్ నంబర్‌కి వచ్చిన అరగంట కాల్ గురించి, మర్నాడే వేరేవాళ్ళ పేరు మీదకి మారిన ఒక కారు గురించి. దుప్పటి ఊసే లేదు.

కాబట్టి పదకొండు నుంచి పద్నాలుగు దాకా పేజీలు తీసెయ్యి. ముగింపు ఏం పెట్టాలని అడుగుతావు, నాకు తెలియదు, కానీ వాడికి తల్లి ఉంది, రెండో పేజీలో ఒకసారి ఫోన్ చేస్తుంది, తిన్నావా అని అడుగుతుంది, వాడు ఊఁ అని పెట్టేస్తాడు, ఆ తర్వాత ఆవిడని నువ్వు మర్చిపోయావు. ఆవిడ ఇంట్లో వీడి గది ఇప్పుడు ఎలా ఉందో రాయి. మంచం మీద ఏముంది, ఎవరు సర్దారు, ఏది కదపకుండా ఉంచింది, రాసే ముందు మీ అమ్మకి ఫోన్ చేసి నీ గది గురించి అడుగు, ఊహించి రాయకు.

రెండో డ్రాఫ్ట్ పోస్టులోనే పంపు, కాయితం మీద అయితే పక్కన పెన్సిల్‌తో రాయటం నాకు వీలు. సంక్రాంతికి ఊరెళ్తూ ఇటు దిగితే కూర్చుని మాట్లాడుకుందాం.

ఉంటా,
అక్క