క్లబ్‌లో స్కూబా బృందం: ముందు సిలిండర్లు కొనకండి

విశాఖలోని మీ క్లబ్‌లో పదిహేను మంది స్కూబా డైవింగ్ (సిలిండర్‌లోని గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదడం) మీద ఆసక్తిగా ఉన్నారు, ఎవరికీ సర్టిఫికెట్ లేదు, గాలి నింపే కంప్రెసర్, సిలిండర్లు కొని మొదలుపెట్టాలా అని అడిగారు కదండీ. ఇప్పుడే వద్దు. వాటి నిర్వహణ, సిలిండర్ల ప్రెజర్ టెస్టులు కొత్త బృందానికి మోయలేని భారం. సభ్యులు తమ ముఖానికి సరిపోయే మాస్కు మాత్రం సొంతంగా కొనుక్కోవచ్చు, మిగతావి అద్దెకు చాలు.

క్లబ్ స్విమ్మింగ్ పూల్‌లో గుర్తింపు ఉన్న ఇన్‌స్ట్రక్టర్‌తో పరిచయ తరగతి పెట్టించండి. అంతకుముందే అందరిచేత ఆరోగ్య ప్రశ్నావళి నింపించండి. ఆస్తమా, గుండె జబ్బు, చెవి సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ అనుమతి లేకుండా నీళ్లలో దిగకూడదు. ఇక్కడ మొహమాటపడకండి, ప్రాణాలతో పని.

తర్వాత ఇష్టమున్నవాళ్లు ఓపెన్ వాటర్ అనే మొదటి సర్టిఫికెట్ కోర్సు చేస్తారు. పాడీ (PADI) అనే డైవింగ్ శిక్షణ సంస్థ కోర్సులో 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, పది నిమిషాలు తేలాలి. పాసైతే 18 మీటర్ల లోతు వరకు, తోడు డైవర్‌తో వెళ్లొచ్చు.

రుషికొండలో డైవింగ్ నేర్పేవాళ్లున్నారు, అక్కడే అడగండి. అండమాన్ ట్రిప్ వేస్తే మాత్రం చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండేలా టికెట్లు తీయండి.